బూట్లు విప్పించిన ఆమెన్

బందరు, 1958 ఆగస్టు, ఆదివారం రాత్రి

మద్రాసు నుంచి జీతమిచ్చి తెచ్చుకున్న కోచ్ శామ్యూల్ గారు ఇవాళ చివరికి పట్టు వదిలి దిగొచ్చారు. ఆయన వచ్చినప్పటి నుంచి మా బందరు ఫుట్‌బాల్ జట్టు ఒక్క మ్యాచ్ గెలవలేదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి వట్టికాళ్లతో ఆడిన పిల్లలకు బూట్లు తొడిగించారు. మొన్న గుడివాడలో వాన పడి, ఆ బూట్లకు బురద పట్టి మనవాళ్లు కాళ్లీడుస్తుంటే, వట్టికాళ్ల గుడివాడ వాళ్లు గోల్ మీద గోల్ కొట్టారు. బూట్లు విప్పించండని గట్టు మీద నుంచి మేమెంత అరిచినా ఈయన వింటేగా.

ఇవాళ చర్చిలో పాస్టరు గారు ఎవరైనా ప్రార్థన చేయండి అనగానే మా దానియేలు బావ లేచాడు. "ప్రేమగల తండ్రీ, నీ దాసుడు శామ్యూల్ గారి మనసు మార్చు. వానలో మా పిల్లల చేత ఆ బూట్లు విప్పించు." ముందు వరసలో ఉన్న కోచ్ గారు వంచిన తల ఎత్తలేదు. చర్చి మొత్తం ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

బయటికొచ్చాక ఆయన బావ భుజం మీద చెయ్యేసి, "ఇంతమంది ఆమెన్ అన్నాక నేనేం చెప్తానండీ. శనివారం మ్యాచ్‌లో వట్టికాళ్లతోనే ఆడిస్తాను. ఓడితే మాత్రం మీరే జవాబు చెప్పాలి" అన్నారు.

ఇందాక కిటికీ తీస్తే ఆకాశం నిండా చుక్కలు. శనివారానికి గ్రౌండు ఎండి రాయిలా గట్టిపడితే బూట్లే నయమేమో... పొద్దున్నే బావని లేపి వాన కోసం ప్రార్థన చేయమనాలి. ఈసారి ఇంట్లోనే, గొంతు తగ్గించి.