తీతువు గుడ్లు, బాపు రాయి

ఇబ్రహీంపట్నం,
ఆదివారం పొద్దున.

తమ్ముడు రాకేశ్‌కు,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావ బాగున్నాడు, ఆయన ట్రాలీ ఆటో బాగుంది, నా షుగరు కూడా నన్ను వదలకుండా బాగానే ఉంది. అక్కడ నువ్వు, మరదలు సంతోషి, సాయిశ్రీ చల్లగా ఉన్నారనుకుంటాను.

తుక్కుగూడ నుంచి మా ఇంటికి ఎంత దూరమని ఉత్తరం పంపావురా? ఫోను ఎత్తడం లేదని అలిగావు. ఎత్తితే నువ్వు మాట్లాడతావు, నేను వినాలి. ఉత్తరంలో నేను మాట్లాడతాను, నువ్వు వినాలి. అందుకే జవాబు కూడా ఉత్తరమే.

"పొద్దుగాల్నే మెడల దుర్భిణి ఏస్కొని వాగు పొంటి తిరుగుతున్నవంట, నలుగురు నవ్వుతున్నరు" అని రాశావు. నవ్వనీ. దవాఖానలో డాక్టరమ్మ రోజూ నడవమంది. సాగర్ రోడ్డు మీద దుమ్ము తింటూ నడవమని చెప్పలేదు కదా. పెద్దచెరువు కట్ట ఎక్కి, ఆ చివర దిగి, వాగు పొంటి మన కుంట దాకా పోయి వస్తాను. ఆ దుర్భిణి నువ్వు సాయిశ్రీకి కొనిచ్చిందే. ముచ్చట తీరి పిల్ల మూలకు పడేస్తే అడిగి తెచ్చుకున్నాను. ఇక్కడే పుట్టి పెరిగిన దాన్ని, లకుముకి పిట్ట చేపను రాయికేసి బాది బాది మింగుతుందని యాభై రెండేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. అచ్చం నేను మీ బావ లుంగీలు ఉతికినట్టే. మొన్న ఈతచెట్టు మొదట్లో ఉడుమును చూశాను. నిన్న ముంగిస రెండు పిల్లలతో బాట దాటింది. ఇంతకీ నవ్వే నలుగురు ఎవరు? కిరాణం రఘునందన్ ఒక్కడే. వాడికి ఒకరోజు దుర్భిణి చేతికిచ్చాను, అరగంట దాకా తిరిగి ఇవ్వలేదు.

ఇక నువ్వు పంపిన కాగితం సంగతి. మీ వెంచర్ మనిషి అమరేందర్ తెచ్చి ఇచ్చాడు. చదివాను. కుంట నీళ్లు ఎన్నడూ మీరు ప్లాట్లు చేస్తున్న చెలక దాకా రాలేదని, అక్కడ హద్దురాయి ఏదీ లేదని నేను సంతకం పెట్టాలి. కుంట తూము తీసి పొలాలకు నీళ్లు వదిలిన నీరటి మన బాపు. నీళ్ల సంగతిలో నీరటి బిడ్డ మాటకు ఊళ్లో ఇప్పటికీ విలువుంది. అందుకే కదా నా సంతకం. సంతకం తెచ్చిపెడితే నీకు తొమ్మిదో నంబరు ప్లాటు రాసిస్తామన్నారని, సాయిశ్రీకి అక్కడ ఇల్లు కడతానని నువ్వే రాశావు.

తీతువు పిట్ట నీకు గుర్తుందా? అది అరిస్తే చెడ్డ శకునమని అమ్మ తలుపు వేసేది. బాపు మాత్రం ఏటా ఎండాకాలం దాని వెంట తిరిగేవాడు. గులకరాళ్లలో గులకరాళ్లలాగే గుడ్లు పెడుతుంది, తొక్కేదాకా కనపడవు. "అది గుడ్లు పెట్టిన కాడికి నీళ్లు రావు బిడ్డా. నాకంటె పెద్ద నీరటి అది" అనేవాడు. కుంట నిండు కుండలా ఉన్న ఏడాది, నీళ్లు ఆగిన చోట బండ పాతి దాని మీద మూడు గీతలు చెక్కించాడు.

ఇప్పుడు అసలు మాట చెబుతాను. ఇన్నాళ్లూ నోరు రాలేదు. హద్దురాయి అక్కడ లేదన్న మాట నిజమే. అది మా దొడ్లో ఉంది. బాపు పోయిన ఏడాది, ఉతకడానికి మంచి బండ లేదని నేను సణిగితే నువ్వూ నేనూ పోయి పెకిలించుకొచ్చాం. కుంట అప్పటికి ఏడేళ్లుగా ఎండి ఉంది, ఎండిన కుంటకు హద్దేమిటనుకున్నాం. చీరలు చిరగకుండా గీతలను కిందికి తిప్పి పరిచాం. బాపు రాయి మీద పదకొండేళ్లు సబ్బు రుద్దాను రాకేశ్. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. నీకు గుర్తులేక ఆ కాగితం పంపావో, గుర్తుండే పంపావో నేను అడగను.

గురువారం మీ బావ, నేను దాన్ని ట్రాలీలో వేసుకుపోయి పాత చోటే పాతాం. పక్కన తుమ్మ మోడు ఇంకా ఉంది, చోటు తప్పే పని లేదు. శుక్రవారం కుంట హద్దు కొలవడానికి సర్వేయర్ వచ్చాడు, వెంట అమరేందర్. మట్టి పచ్చిగా ఉందేమిటని అడిగితే దాచలేదు.

"కొత్తగ పాతినం సార్. పదకొండేండ్ల కింద పీకింది నేనే. రాస్కో."

అమరేందర్ ముఖం మాడిపోయింది. హద్దురాయి పీకితే కేసు అవుతుందని బెదిరించాడు. కానీయమన్నాను. సర్వేయర్ బండను చూశాడు, నన్ను చూశాడు.

"గింత బండ ఒక్కదానివే పీకినవా అమ్మా?"

"ఒక్కదాన్నే" అన్నాను. ఆ రోజు నేను ఆడిన అబద్ధం అదొక్కటే. నీ పేరు ఎక్కడా రానియ్యలేదు. పాత నక్షాతో కొలిస్తే బాపు రాయికి రెండడుగుల తేడా కూడా రాలేదు.

నీ తొమ్మిదో నంబరు ప్లాటు రాయికి లోపల, కుంట వైపే పడింది. కోపం వస్తుంది, రానీ. ఈసారి తీతువు గుడ్లు ఎక్కడ పెట్టిందో చూశాను. మీ ప్లాట్లన్నీ దాటి, పైన మీ బోర్డు కింద, నాలుగు గుడ్లు. పిడికెడు పిట్ట, జేసీబీ దగ్గరికొస్తే దాని మీదికే ఎగిరి తిడుతోంది. అది అంత పైకి పోయి పెట్టిన చోటికి కింద నా మేనకోడలు పడుకుంటే ఏమీ కాదని నేను సంతకం పెట్టాలా? పెట్టను. నువ్వు మాట్లాడకపోయినా పెట్టను, పండక్కి పిలవకపోయినా పెట్టను. నీ కాగితం దీనితోనే తిప్పి పంపుతున్నాను.

గుడ్లు ఇంకా పిల్లలు కాలేదు. సాయిశ్రీని తీసుకొని రా, చూపిస్తాను. రాయి పీకడానికే వస్తానన్నా రా, చాయ్ తాగి పో. ఒక్కడివి లేపలేవని నీకూ తెలుసు. అప్పుడు రెండో కొస పట్టింది నేను. ఈసారి పట్టను.

ఇట్లు,
ఉతికే బండ లేక బట్టలు బకెట్లో పిండుకుంటున్న
నీ అక్క
భూలక్ష్మి