పక్క సీటు

ఆదివారం రాత్రి, బెడోక్, సింగపూర్

సూట్‌కేసు తెరిస్తే బట్టల నిండా ఎర్ర ఇసుక. అమెరికా ఎడారి లోయల్లో ఐదు రోజులు, ఎనిమిది మందిమి, ఒకే వ్యాను. లోయ అంచుకి రాగానే అందరూ పక్కవాళ్ళని పిలిచి చూపించుకున్నారు. నేను ఫోన్‌కి చూపించాను.

పదకొండేళ్ళు ఈ ఫ్లాట్‌లో నాతో ఉన్న సుజాత, నేను కలిసి బుక్ చేసుకున్న ట్రిప్పు ఇది. పోయిన నెల బెంగళూరులో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయింది. "నువ్వెళ్ళవే, ఫొటోలు పంపు" అంది, ఎంత తేలిగ్గా!

మొదటిరోజు వ్యానెక్కగానే, ఇక్కడి హాకర్ సెంటర్‌లో తిండి తెచ్చుకునేలోపు టేబుల్ 'చోప్' చేసి ఆపుకున్నట్టు, పక్క సీటు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టేశాను. చేతి అలవాటు. గైడ్ చెత్తనుకుని తీయబోయాడు. "మా సింగపూర్‌లో అది పెడితే మనిషి వస్తున్నట్టు" అన్నాను. పాపం పెద్దాయన, నమ్మేశాడు. ఇంకెవరినీ అక్కడ కూర్చోనివ్వలేదు. చివరిరోజు ప్యాకెట్ నా చేతికిస్తూ, "మీ మనిషి రానేలేదు" అన్నాడు. నవ్వేశాను.

సాయంత్రం సుజాత ఫోన్ చేసింది.

"ఒక్కదానివే బోర్ కొట్టిందా ఏంటే?"

"బోరా? పక్క సీటు ఖాళీ. హాయిగా బ్యాగు పెట్టుకున్నా."

"చూశావా, నేను రాకపోవడమే మంచిదైంది!"

అవునన్నాను. ఐదు రోజులూ పొద్దున్నే ఆ సీటు మీద ప్యాకెట్ పెట్టింది నేనేనని మాత్రం చెప్పలేదు.