అమ్మ పోలిక

మార్చి 3, సోమవారం

సెలవుల్లో మానిపోయే చేతులు పనిలోకి వెళ్లగానే మళ్లీ ఎందుకు పగులుతాయి? ఏళ్ల తరబడి ఇదే ప్రశ్న. పోయేదాకా అమ్మ చేతులూ ఇంతే. అక్కవీ ఇంతే. ఇంట్లో అందరిదీ ఒకటే జవాబు: అమ్మ పోలిక. బోటనీ చదివినదాన్ని, వారసత్వమంటే ఇట్టే నమ్మేస్తాను.

ఇవాళ స్కిన్ డాక్టరమ్మ, ఒంటికి ఏది పడదో చూడ్డానికి, వీపంతా ప్యాచ్‌లు అంటించింది. నికెల్, కోబాల్ట్, క్రోమియం, ఇంకేవో. నర్సరీలో గులాబీలకు అంట్లు కట్టేదాన్ని, లోహాలతో నాకేం పని అన్నాను. చూద్దాం అంది. రెండ్రోజులు స్నానం వద్దట. అయితే తను హాల్లో పడుకుంటానన్నారు మా ఆయన.

మార్చి 5

దురద. ఒక్కచోటే.

మార్చి 7, ఉదయం 11

క్రోమియం!

నికెల్ పెట్టినచోట చర్మం శుభ్రంగా ఉంది. పనిలో చేతులకేం వేసుకుంటారని డాక్టరమ్మ అడిగింది. ముళ్లు గుచ్చుకోకుండా తోలు గ్లోవ్స్, మా అక్క కుట్టి ఇస్తుందని గొప్పగా చెప్పాను. చాలా తోళ్లను క్రోమియం ఉప్పులతోనే పదును చేస్తారట. చెమట తగిలితే అది చర్మంలోకి దిగుతుందట.

చేతులు పగిలినప్పుడల్లా ఆ గ్లోవ్స్ ఇంకాస్తసేపు వేసుకున్నాను. కంచే చేను మేయడమంటే ఇదే.

ఇంటికొస్తుంటే తట్టింది. అమ్మ జీవితమంతా ఆ తోలే కుట్టింది. ఇప్పుడు అక్క కుడుతోంది. తమ్ముడు ఆ కుట్టుబల్ల దగ్గర ఏనాడూ కూర్చోలేదు. వాడి చేతులు నున్నగా ఉంటాయి.

మార్చి 9, ఆదివారం

అక్క ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. తను కుట్టుమిషన్ ఆపలేదు. చదువుకున్న ఒళ్లు కదా, నీకు అన్నీ పడవులే అని నవ్వింది. నువ్వూ ఓసారి టెస్టు చేయించుకో అన్నాను.

అప్పుడు ఆపింది. "అమ్మ నాకిచ్చి పోయిందల్లా ఈ చేతులేనే. అవీ కాదంటావా?"

డాక్టరమ్మ చూసింది నా వీపునేగా, అమ్మ చేతుల్ని కాదుగా.

అంతలో అక్క కూతురు టీ తెచ్చింది. కాలేజీ అయిపోయింది, ఈమధ్యే బల్ల దగ్గర కూర్చుంటోందట. కప్పు అందుకోబోయి ఆగిపోయాను. పిల్ల వేళ్ల సందుల్లో ఎర్రగా పొక్కులు.

అక్కా చూసింది. దాని చెయ్యి పట్టుకుని మురిసిపోయింది.

"చూశావా, అచ్చం అమ్మమ్మే."

మార్చి 10

పొద్దున ఫోన్ చేశాను. అక్క ఎత్తింది. పిల్లకివ్వమని అడగలేదు. అక్కను దాటి దానితో చెప్పాలో, అక్క ఒప్పుకునేదాకా ఆగాలో, ఎంతకీ తేల్చుకోలేకపోతున్నాను.