నాలుగు ర్యామ్‌లు, ఒక పసుపు గౌను

ప్రియమైన నీకు,

నేలమీద ఉన్న మీ ఆయనా, మీ అమ్మగారూ నీళ్లమీద నౌకలో ఉన్న నిన్ను తలుచుకుంటూ క్షేమంగా ఉన్నాం. నువ్వూ, నువ్వు లోతు కొలుస్తున్న ఆ సముద్రమూ కులాసాగా ఉన్నారనుకుంటాను. సరుకుల పడవ మోసుకొచ్చిన నీ ఉత్తరం ఉప్పువాసన వేస్తూ చేరింది. అత్తయ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బాల్కనీ తలుపు బాగుచేయించాను, మూలగడం మానేసింది. ఊళ్లో పళ్లు ఊడేవాళ్లకి కొదవలేదు కాబట్టి కట్టుడు పళ్లు చేసి బతికే నాకూ పనికి కొదవలేదు. "ఆ కంప్యూటర్ గోల ఇంకా తెమల్లేదా?" అన్నావు. తెమిలింది. ఎలా తెమిలిందో చెబుతాను.

చిన్నప్పుడు నీకు జ్వరం వస్తే అత్తయ్య మంచం పక్కన కూర్చుని వేసిన బొమ్మలు గుర్తున్నాయి కదా? తీగమీద ఆరేసిన పసుపు గౌను గాలికి ఊడి, ఇళ్ల కప్పుల మీదుగా, గడియారం స్తంభం మీదుగా, నది మీదుగా ఎగిరిపోతుందే, ఆ కథ. ఆ బొమ్మలు దాచిన అట్టపెట్టె అటకమీంచి దించి, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, కదిలే సినిమా చేద్దామని కూర్చున్నాను. విడిభాగాలు కొనుక్కొచ్చి నేనే బిగించిన కంప్యూటర్ కదా, పని నత్తనడక. నాకేమో తొందర. అందుకని ఉన్న రెండు ర్యామ్‌ల, అంటే మెమరీ పలకల, పక్కన మరో రెండు గుచ్చి, నాలుగింటినీ తయారుచేసినవాళ్లు చెప్పిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పరుగెత్తించాను. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు.

మొదట్లో ఏం జోరు! గౌను కప్పులమీద తేలుతుంటే నేనూ కుర్చీలోంచి కాస్త పైకి లేచినట్టే ఉండేది. ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. పని మధ్యలో తెర ఉన్నట్టుండి నీలమైపోయి కంప్యూటర్ కుప్పకూలేది. కూలిపోతే నయమే, తెలుస్తుంది. కొన్నిసార్లు కూలకుండానే, చప్పుడు చేయకుండా బొమ్మల్ని పాడుచేసేది. ఒక బొమ్మలో నది మీద వంగపండు రంగు గళ్లు పరుచుకున్నాయి. ఇంకోదాంట్లో సగం ఆకాశం లేదు.

నేను ముందు బొమ్మల ప్రోగ్రామునే తిట్టుకున్నాను. దాన్ని తీసేసి మళ్లీ ఎక్కించినా అంతే. చివరికి మెమరీ పరీక్ష పెడితే, తెరనిండా ఎర్రటి తప్పుల వరసలు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం, బయట సన్నగా వాన. కర్టెన్లోంచి వచ్చే వెలుతురు గదంతా నీళ్లలో మునిగినట్టు ఊగుతోంది. ర్యామ్‌లన్నీ ఊడదీసి, వర్క్‌షాపు నుంచి తెచ్చిన బుల్లి బ్రష్షుతో దుమ్ము దులిపి, ఒక్కొక్కటే గుచ్చి పరీక్షిస్తున్నాను. అత్తయ్య వచ్చి నిలబడ్డారు.

"ఏంటి అల్లుడూ, దానికీ పళ్లు పీకుతున్నావా?"

"ఏ పన్ను పుచ్చిందో చూస్తున్నా అత్తయ్యా."

"దొరికిందా?"

"ఏదీ పుచ్చలేదండీ. విడిగా పెడితే నాలుగూ బుద్ధిమంతులే. జతలుగా పెట్టినా బాగానే ఉన్నాయి. నాలుగూ కలిసి పరుగెత్తితేనే తడబడుతున్నాయి."

"మరి నడవనివ్వరాదూ? ఎవరు తరుముతున్నారని?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోలేదు. చెప్పలేదు, అంతే. మొండిగా వాటికందే ఓల్టేజీ రవ్వంత పెంచాను. కాసేపు కుదురుగా ఉంది. గది వేడెక్కేసరికి మళ్లీ ఎర్ర వరసలు. ఇక తల వంచి వేగం తగ్గించాను. పరీక్ష రోజంతా నడిచినా ఒక్క తప్పు రాలేదు. కానీ అంతకుముందు చేసినవాటిలో ఏది మంచిదో, ఏది లోలోపల చెడిందో ఎవరికి తెలుసు? అన్నీ చెరిపేసి మొదటినుంచీ చేయాల్సిందే. చెరుపుతుంటే అత్తయ్య తెరకి మొహం ఆనించినంత దగ్గరగా వంగి, "ఆగాగు. ఆ వంగపండు రంగు నది ఉంచు. బాగుంది," అన్నారు.

"అది తప్పండీ."

"అయితే ఏం? నాకు తోచలేదు, దానికి తోచింది."

ఉంచాను.

ఇక నీ చివరి ప్రశ్న. అమ్మ తన చేత్తో ఎందుకు రాయడం లేదని అడిగావు. పోయిన ఉత్తరంలో బద్ధకం అని రాసి తప్పించుకున్నాను. బద్ధకం కాదు. ఆవిడ చూపుకి నడిమధ్యన మచ్చ పడింది, రెండు కళ్లలోనూ. అంచుల్లో కనిపిస్తుంది, సూటిగా చూస్తే మాయమవుతుంది. నాతో మాట్లాడాలంటే నా చెవి వైపు చూస్తారు. ఉన్న చూపు నిలవడానికి డాక్టరు ఇంజెక్షన్లు ఇస్తున్నారు. పోయింది రాదన్నారు, ఇంకొంత పోవచ్చనీ అన్నారు. నీకు తెలిస్తే పని సగంలో వదిలి పరుగెత్తుకొస్తావని, చెప్పొద్దని అత్తయ్య నా చేత ఒట్టు వేయించుకున్నారు. నా తొందర అందుకే. ఆ గౌను ఎగరడం ఆవిడ కళ్లారా చూడాలని.

చూశారు. మొన్న మధ్యాహ్నం కర్టెన్లు మూసి, కుర్చీ తెర పక్కకి జరుపుకుని, పిట్టలా మెడ వంచి, కంటి అంచుతో మొత్తం చూశారు. ఇంకోసారి వేయమన్నారు. అది కూడా అయ్యాక, "అల్లుడూ, ఇక దానికి నా కళ్ల సంగతి రాసెయ్. ఏడుస్తూ రావద్దని కూడా రాయి. పని ముగించుకునే రమ్మను," అన్నారు. నేను కళ్లు తుడుచుకోవడం ఆవిడకి కనిపించలేదనుకున్నాను. "ఆ ముక్కు చీదుకో ముందు," అన్నారు.

తర్వాత మళ్లీ వేయమని, ఈసారి కళ్లు మూసుకున్నారు. "నువ్వు చూడు. నేను చెబుతా."

చెప్పారు. "ఇప్పుడు తీగ ఊగుతోంది. గౌను కప్పు అంచు దాటింది. అదిగో గడియారం. ఇప్పుడు వంగపండు రంగు నది." ఒక్క చోటా తడబడలేదు. సినిమా అయిపోయింది, తెర నల్లగా అయింది. అత్తయ్య ఆగలేదు. గౌను నది దాటి సముద్రం మీదికి వెళ్లిందట. నీళ్ల మధ్య ఒక నౌక ఉందట, దాని మీద ఒక పిల్ల జుట్టు ముడేసుకుని తాడు కిందికి వదులుతూ లోతు కొలుస్తోందట. అడుగు ఇంకా అందలేదట. గౌను ఆ పిల్ల నెత్తిమీద గిరగిరా తిరుగుతోందట.

నేను తెర కట్టెయ్యలేదు. పక్కనే కూర్చుని వింటూ ఉండిపోయాను.

ఇట్లు,
మీ అమ్మగారి అల్లుడు,
నీ మొగుడు