చేతిరుమాలు వేసిన సీటు

వదినగారికి నమస్కారం.

మీ చెల్లెలు ఎప్పటినుంచో వెళ్దామనుకున్న శీతాకాలపు చిత్రోత్సవానికి నిన్న మొదటిసారి వెళ్ళాను. అలవాటుకొద్దీ పక్కసీట్లో చేతిరుమాలు వేశాను. హాలు నిండిపోయింది. మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దాయన, "ఎవరైనా వస్తున్నారా బాబూ?" అని అడిగారు.

"మా ఆవిడ వస్తోందండీ" అన్నాను.

ఆయన చల్లటి మెట్ల మీద కూర్చుని సినిమా అంతా చూశారు. దీపాలు వెలిగాక, "మీ ఆవిడా మా ఆవిడలాంటిదే. ముస్తాబయ్యేసరికి సినిమా అయిపోతుంది" అని నవ్వారు. నేనూ నవ్వాను.

తను పోయిందని చెప్పడానికి నోరు రాలేదు. రుమాలు తీయడానికి చేతులూ రాలేదు. రేపూ ఇలాగే చేస్తాను, నాకు తెలుసు. మీరొచ్చి ఆ సీట్లో కూర్చోండి. సినిమా నచ్చకపోతే నిద్రపోండి. మధ్యలో మాత్రం లేచి వెళ్ళకండి.

మీ మరిది