తేలిన చువ్వలు

ఫిబ్రవరి 3, 2004
దూలపల్లి. బోల్టులకు జింకు పూత వేసే షెడ్డులో, యాసిడ్ కాలువ మీది పాత స్లాబు పగలగొట్టారు. లోపలి ఇనుము వేళ్లతో నలిపితే పొడి. మొన్న ఇక్కడే కూలి మనిషి బాలమణి కాలు దిగబడింది. పాపం, ఇంకా కుంటుతూనే గంపలు మోస్తోంది. కొత్త స్లాబులో ఇనుమే ఉండదు, మా కంపెనీ గాజు పీచు చువ్వలు వేస్తున్నామని ఆమెకు చెప్పాను.
"గాజా? పలగదా సారూ?"
పగలదు, తుప్పూ పట్టదు అన్నాను. ఇన్నాళ్లూ ఎన్ని ఆఫీసులు తిరిగినా ఎవరూ నమ్మని మాట... ఆమె నమ్మింది.

ఫిబ్రవరి 5
చువ్వలు రాత్రంతా రోడ్డు పక్కనే. దొంగలు ముట్టలేదు! పాత ఇనుప సామాన్ల వాడు కూడా కొనడు కదా. మా సరుకు పరువు అదీ.

ఫిబ్రవరి 6
యాదగిరి మేస్త్రీ అలవాటు కొద్దీ చువ్వను బల్లకు పెట్టి వంచబోయాడు. ఫట్‌మని చీలింది. "వంగనిది చువ్వెట్లయితది?" — ఒకటే గొణుగుడు. వంపు ముక్కలు ఫ్యాక్టరీలోనే చేసి పంపాం, అవి వాడు నాయనా అన్నాను. ఇంకో మాట, ఇది తేలిక సరుకు, కిందికి బిగించి కట్టకపోతే కాంక్రీటులో పైకి లేస్తుంది.
"గా మాత్రం నాకెర్క లేదా?"
వాదించే ఓపిక లేదు. వచ్చేశాను.

ఫిబ్రవరి 8
ఇవాళ స్లాబు. గండిమైసమ్మ దగ్గర స్కూటర్ పంక్చర్. చేరేసరికి కాంక్రీటు పోసేశారు. "మీ కోసం ఆగితే మాల్ గట్టిపడ్తది సారూ, రాండ్రి, తిందురు" అన్నాడు యాదగిరి. దావత్. మేకను కోశారు. అందరూ ఖుషీ. నాకు ముక్క రుచి తెలియలేదు.

ఫిబ్రవరి 10
పక్క చెక్కలు తీశారు. అయ్యో... అంచులో అడుగున కనపడాల్సిన చువ్వల కొనలు పైన ఉన్నాయి. తేలాయి. ఇనుముకు పెట్టినట్టే కింద సిమెంటు బిళ్లలు పెట్టి, బిగించి కట్టకుండా వదిలేశాడు యాదగిరి. ఇనుమైతే తన బరువుకు తానే కూర్చుంటుంది. చేతి అలవాటు. మనిషి నడిస్తే సాగేది స్లాబు అడుగుభాగం, దాన్ని పట్టి ఉంచే చువ్వ అక్కడ ఒక్కటీ లేదు.
పగలగొట్టి మళ్లీ పోద్దామని ఓనర్‌తో అన్నాను.
"ఆర్డర్లు మస్తుగున్నయ్. మళ్ల బంద్ పెట్టమంటవా? పగలగొట్టిన సంగతి నలుగురికి తెలిస్తే నీ చువ్వలు ఎవడు కొంటడు? ఊకో."
కోపమొచ్చింది. అంతకంటే సిగ్గేసింది — ఒక్క క్షణం, ఊరుకుందామనే అనిపించింది.

ఫిబ్రవరి 11
అడ్డంగా తాడు కట్టి, 'నడవరాదు' అని పెద్ద అక్షరాలతో రాసి వచ్చాను. బాలమణికి చదువు రాదని ఇల్లు చేరాక గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 15
నేనే పగలగొడదామని సమ్మెట తీసుకుని వెళ్లాను. తాడు బట్టలారేయడానికి పట్టుకెళ్లారట. స్లాబు కింద ఆసరాగా ఉన్న చెక్కలూ అప్పుడే లాగేశారు. బాలమణి బోల్టుల గంప నెత్తిన పెట్టుకుని స్లాబు మధ్యలో ఉంది.
"దిగమ్మా... ముందు దిగు!"
"మీరే జెప్తిరి గద సారూ, పలగదని." నవ్వుతూ, కుంటి కాలి మడమతో స్లాబును ఒక్క గుద్దు గుద్దింది.
ఓనర్ గుమ్మంలోంచి చూస్తున్నాడు. సమ్మెట నా చేతిలోనే ఉంది.