వదులైన తోలుపట్టా

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ కమలాపురం సంతలో, నలుగురూ చూస్తుండగా మాలపల్లె ఓబులేసుకు గడ్డం గీశాను. నువ్వు బతికినన్నాళ్లూ ఆ పల్లెలో ఒక్కరికీ గీయలేదు. అంటరానితనం తప్పని ఎన్ని కరపత్రాలు చదివి వినిపించినా నీ చెవికెక్కలేదు.

కానీ నా గతి చూడు! గుమిగూడినవాళ్లతో సమానత్వం గురించి వాదిస్తూనే కత్తిని తోలుపట్టా మీద రుద్దాను. ధ్యాస తప్పి పట్టా వదులై, కత్తి అంచు మొద్దుబారింది. ఆ కత్తి వెంట్రుకల్లో పట్టుకొని ఓబులేసు చెంప తెగింది. చుట్టూ ఒకటే నవ్వులు.

"ఏమప్పా, మీ నాయన మమ్మల్ని ముట్టుకోల్యా. నువ్వు ముట్టుకొని కోస్తాండావే!" అన్నాడు ఓబులేసు. లేచి పోతాడనుకున్నాను. పోలేదు. "ఇంకో చెంప ఉండాది, కానియ్యి" అన్నాడు.

సిగ్గేసి వాదన కట్టిపెట్టాను. "తోలు బిగువుగా పట్టల్ల, కత్తి తేలిగ్గా పోవల్ల" అంటూ నువ్వు నా మణికట్టు మీద కొట్టి నేర్పినట్టే పట్టాను బిగించి, మళ్లీ రుద్దాను. రెండో చెంప మీద నెత్తురు చుక్క రాలేదు.

ఆ పనితనం నీ చేత్తోనే వాళ్లకు అంది ఉండాల్సింది నాయనా. ఆ కోపం నాకింకా తీరలేదు.

వచ్చే సంతకు తమ్ముణ్ణి కూడా తెస్తానని ఓబులేసు చెప్పి పోయాడు.